మొరాయించిన వ్యాన్

మెకానిక్ ఇంకోసారి తాళం తిప్పాడు. వ్యాన్ దగ్గినట్టు ఓ చప్పుడు చేసి ఊరుకుంది.

"లాభం లేదు. కొత్త సామాను పడాల్సిందే. ఆదివారం కదా, ఏ షాపూ ఉండదు. ఇక రేపే," అన్నాడు బానెట్ మూసేస్తూ.

గార్డు ముఖం వాడిపోయింది. రైళ్లలో గార్డుగా చేసి రిటైరైన మనిషి అతను. స్నేహితులకి ఇప్పటికీ గార్డే. ముగ్గురూ నిన్న పొద్దున ఏటి ఒడ్డుకు వచ్చి డేరా వేసుకున్నారు. ఆదివారం మధ్యాహ్నానికల్లా ఇంటి ముందు దింపుతానని మెకానిక్ కాళ్లావేళ్లా పడితేగాని గార్డు బయల్దేరలేదు.

మూడోవాడు టైలర్. అతనికి గార్డుని చూస్తే జాలేసింది. కిందటేడు వీళ్లు ఇదే ఏటికి చేపలకొచ్చిన రోజునే గార్డు భార్య మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచి గార్డు గాలం ముట్టలేదు. ఆపరేషన్ అయింది, ఎముక అతుక్కుంది, ఇక నడిపించమని డాక్టరు చెప్పాడు కూడా. డాక్టరుకేం, చెప్పేసి పోతాడు, మళ్లీ పడితే ఎవరు దిక్కని గార్డు వాదన. అందుకే ఆవిణ్ణి మంచం దిగనివ్వడు. వంటగది గడప తొక్కనివ్వడు. మంచినీళ్లు కూడా తనే చేతికందిస్తాడు. రాత్రిళ్లు ఆవిడ పక్కకి ఒత్తిగిల్లితే చాలు, లేచి కూర్చుంటాడు. కళ్లకింద ఆ నలుపు చూస్తే ఇద్దరిలో రోగి ఎవరో చెప్పడం కష్టం.

ఒడ్డున సిగ్నల్ లేదు, ఫోన్ మాట్లాడాలంటే గట్టెక్కాలి. నిన్నట్నుంచి గార్డు పట్టిన చేపలు లేవుగాని, గట్టు మాత్రం అరగదీశాడు. మాత్రలు వేసుకున్నావా, స్నానాల గదిలో తడి లేదు కదా, మీ చెల్లెలు పక్కనే ఉందా అని ప్రతిసారీ అవే ప్రశ్నలు. అవతల్నుంచి జవాబు కూడా ప్రతిసారీ ఒకటే: బాగానే ఉన్నాను, మీరు పడుకోండి.

"కోపంగా ఉంది. వదిలేసి వచ్చానని," అనేవాడు దిగొచ్చి.

ఇప్పుడు వ్యాన్ సంగతి చెప్పడానికి మళ్లీ ఎక్కాడు. తిరిగొచ్చి మడత కుర్చీలో కూలబడ్డాడు.

"రేపే రండి, పర్లేదు అంది. గొంతు అదోలా ఉందిరా. ఏడుపు ఆపుకుంటోందేమో."

నడిచి రోడ్డు మీదికి పోతానన్నాడు. ఆదివారం ఆ దారిన బస్సు రాదని మెకానిక్ గుర్తు చేశాడు. చేసేదేమీ లేక గాలం చేత పుచ్చుకుని నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి తల ఒక పక్కకి వాలిపోయింది. ఎరకి ఏదో తగిలి గాలం కర్ర వంగినా లేవలేదు. టైలర్ మెల్లిగా కర్ర అతని చేతిలోంచి తీశాడు. చేప తప్పించుకుపోయింది. పోతే పోయిందిలెమ్మని ఇద్దరూ వదిలేశారు. గార్డు నోరు తెరుచుకుని గుర్రుపెట్టి నిద్రపోయాడు. మనిషి నిద్రపోవడం ఇంత హాయిగా ఉంటుందని చూసేవాళ్లకే అనిపించింది.

అతనికి కప్పుదామని టైలర్ వ్యాన్‌లోంచి దుప్పటి లాగాడు. దాని మడతలోంచి వైరు ముక్క ఒకటి కిందపడింది. రెండు కొనలూ శుభ్రంగా ఉన్నాయి. ఊడిపోయింది కాదు, ఎవరో ఊడదీసింది.

"ఇదేనా రేపు రావాల్సిన కొత్త సామాను?"

మెకానిక్ తల వంచుకున్నాడు.

"వాడి మొహం చూశావుగా. ఒక్క రోజు పడుకోనీరా."

టైలర్‌కి ఒళ్లు మండిపోయింది. స్నేహితుడి మీద ప్రేమ ఉంటే ఉండొచ్చు, అక్కడ మంచంలో ఉన్న మనిషి మాటేమిటి? కిందటేడు జరిగింది అప్పుడే మర్చిపోయాడా? ఈ పూట ఆవిడకి ఏదన్నా జరిగితే గార్డు జన్మలో కోలుకోడు, వీళ్ల ముఖం చూడడు.

"ముందు ఆవిడకి ఫోన్ కలుపు. వైరు తగిలించి సాయంత్రానికి దింపేస్తామని చెప్పు. క్షమించమని కూడా అడుగు."

మెకానిక్ ఏదో చెప్పబోయి మానుకున్నాడు. తన ఫోన్ తీశాడు.

"నువ్వే చెప్పు."

ఇద్దరూ మోకాళ్లు పట్టుకుని గట్టెక్కారు. మెకానిక్ నంబరు నొక్కి ఫోన్ టైలర్ చెవికి ఆనించాడు. టైలర్ ఆయాసపడుతూనే మాటలు కూర్చుకున్నాడు. తప్పు మాదేనమ్మా, ఆయన్ని ఏమీ అనకండి అని మొదలుపెడదామనుకున్నాడు.

అవతల ఫోనెత్తారు. గిన్నెల చప్పుడు, ఎవరిదో కూనిరాగం, నేల మీద చేతికర్ర టక్కుటక్కుమంటూ దగ్గరికొస్తున్న సవ్వడి వినిపించాయి. టైలర్ నోరు తెరిచేలోపే గార్డు భార్య అందుకుంది.

"రేపు కూడా బండి బాగుపడకుండా చూడవా, అన్నయ్యా?"