బయటికి పోనివ్వని లింకులు

జూన్ 12. మడికొండలోని మా కోచింగ్ సెంటర్ సైటులోని ఉద్యోగాల పేజీలో ఏ కంపెనీ పేరు నొక్కినా మా అడ్మిషన్ ఫారమే తెరుచుకుంటోందని పొద్దున్నే కనిపెట్టాను. ఇక్కడే కోర్సు పూర్తిచేసిన నాకు సైటు చూసే పని నిన్ననే ఇచ్చారు.

ఫోల్డర్ల దారుల్లో అదనంగా పడ్డ గీతలను తీసేసే ప్రోగ్రామ్ ముక్కకు ఎవరో వెబ్ చిరునామాలను అప్పగించారు. చిరునామా మొదట్లో ఉండే రెండు ఏటవాలు గీతల్లో (//) ఒకటి అనవసరమనుకుని అది తీసేసింది. దాంతో బ్రౌజర్ కంపెనీ చిరునామాను మా సైటులోని పేజీ అనుకుంటోంది. అలాంటి పేజీ లేదు గనుక సైటు మా ఫారం చూపిస్తోంది.

"ఉమాకాంతన్నా, జర ఆగుండ్రి, ఇప్పుడే సరిచేస్త" అన్నాను సెంటర్ యజమానితో.

"ముట్టకు అఖిలా. అది నాకెప్పుడో ఎర్కే. దాని పుణ్యమే ఈ బ్యాచులన్నీ."

"పోరగాళ్లు నౌకరీ కోసం నొక్కుతాండ్రు గదన్నా!"

"నీకెందుకు ఫికర్? నీ సర్టిఫికెట్ మీద నేనింకా సంతకం పెట్టలే, యాదుంచుకో."

సరిచేద్దామని తెరిచిన కోడ్ మూసేశాను. నిరుడు నేనూ ఒక కంపెనీ పేరే నొక్కాను. ఈ ఫారం తెరుచుకుంటే, ముందు ఇక్కడ నేర్చుకుని రమ్మని ఆ కంపెనీయే పంపిందనుకుని మురిసిపోయాను.

రేపు పొద్దున కొత్త బ్యాచ్ వచ్చేలోపు వెళ్లి, ఆ కంపెనీల చిరునామాలన్నీ రెండేసి గీతలతో క్లాసు బోర్డు మీద రాస్తాను.