తాడు పట్టాల్సినవాడు

దారిలో పెట్రోలు బంకు మూసి ఉంటుందని గ్లెన్ కలలో కూడా అనుకోలేదు. ఎడారి మధ్యలో కారు ఆగిపోయింది.

పొద్దున్నుంచీ డ్రైవింగే. ఇంకా నూట ఇరవై కిలోమీటర్లుంది. నాలుగింటికి ఒపల్ రత్నాల గనుల ఊళ్లో తండ్రిని పూడ్చిపెడతారు.

"బతికుండగా ఒక్కసారైనా వచ్చామా?" అంది భార్య లియాన్ నీరసంగా.

"ఇప్పుడా ఆ మాట?"

ముప్పావుగంటకి ఓ పాత ట్రక్కు ఎదురొచ్చి ఆగింది. ముసలాయన దిగాడు. ఒళ్లంతా ఎర్రదుమ్ము, వెనకే ఓ కుక్క.

"పెట్రోలేనా? సిటీవాళ్లందరికీ ఇదే రోగం!"

తన ట్యాంకులో రబ్బరు గొట్టం పెట్టి, నోటితో పీల్చి, డబ్బాలోకి వదిలాడు. తుపుక్కున ఉమ్మాడు.

"మెర్విన్ కోసమా?"

"మా నాన్న."

"మంచివాడు."

"ఏం మంచి! ఎవడో పార్ట్‌నర్ తగులుకుని ముప్పై ఏళ్లు ఆ గోతిలోనే కూర్చోబెట్టాడు. ఇంటి మొహం చూడనివ్వలేదు. కనబడనీ, వాడి చొక్కా పట్టుకుంటాను."

ముసలాయన మళ్లీ గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. డబ్బా నిండింది.

"నేనూ ఊళ్లోకే వెళ్లాలి. మీ కార్లో చోటుందా?"

గ్లెన్ కుక్కని చూశాడు. పెట్రోలు కంపు కొడుతున్న చొక్కా చూశాడు.

"వెనక సామానుంది. అయినా మీకు బండుందిగా?"

"అవుననుకో. సరే, నువ్వు పద. కొడుకు లేకపోతే ఎట్లా?"

"సామాను సర్దొచ్చుగా, పాపం," అంది లియాన్ మెల్లగా.

"ఊరుకో, టైమైపోతోంది."

శ్మశానానికి చేరేసరికి నాలుగుంపావు. గొయ్యి పక్కన శవపేటిక, దానికి కట్టిన తాడు. టోపీలు చేతబట్టుకుని ఎండలో నిలబడ్డ మనుషులు.

"నా కోసమే ఆగారా?" అడిగాడు గ్లెన్.

"ఇందాకటిదాకా మిలాన్ కోసం కూడా," అన్నాడు పాస్టరు. "ఇక్కడి ఆచారం బాబూ. రోజూ గనిలోకి దించి, సాయంత్రం పైకి లాగిన పార్ట్‌నరే శవపేటికనీ దించాలి."

గ్లెన్‌కి ఒళ్లు మండింది.

"ఏడీ ఆ మహానుభావుడు?"

పాస్టరు తాడు తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"నువ్వింకా రాలేదని, దారిలో ఏమైందోనని నీకెదురెళ్లాడు బాబూ, బండిలో చుక్క పెట్రోలు లేదట, తన కోసం చూడొద్దు, మెర్విన్‌ని కొడుకు చేతే దించమని ఇప్పుడే ట్రక్కులోని వైర్‌లెస్ రేడియోలో చెప్పాడు."