పెద్ద పాస్టరు గారు

బాలనాగమ్మకు ఊపిరి అందడం లేదు. పోయేలోగా, చర్చిలో పాస్టరు విరిచి పెట్టే ప్రభుబల్ల రొట్టె ఒక్క ముక్క నోట్లో పడాలని ఆమె ఆశ.

కొడుకు ఇస్రాయేలు పొద్దున్నే తమ సంఘం సుదర్శన్ పాస్టరుకు ఫోన్ చేశాడు.

"మన్ననూర్‌ల ఉన్న. వచ్చేసరికి పొద్దుగూకుతది," అన్నాడాయన. "పరేషాన్ కాకు. నాగర్‌కర్నూల్‌కు పెద్ద పాస్టరు గారు వచ్చిన్రు. పంపిస్త."

ఇస్రాయేలుకు ఇక కాలు నిలవలేదు. వాకిలి ఊడ్పించాడు, మంచి కుర్చీ వేయించాడు.

ఆటో ఆగింది. నెరిసిన జుట్టు, నూలు చీర, భుజాన సంచితో ఒక పెద్దావిడ దిగింది.

"రాండ్రి పాస్టరమ్మా. అయ్యగారేడున్నరు?"

పాస్టరమ్మంటే పాస్టరు పెండ్లామే కదా. ఇంకో అర్థం ఇస్రాయేలు ఎన్నడూ వినలేదు.

"అయ్యగారెవరు లేరు నాయనా. నేనే పాస్టరును. అమ్మ ఏడున్నది?"

ఇస్రాయేలు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమనుకోకుండ్రి. నేను సంఘపెద్దను. ఆడోళ్లు రొట్టె ఇరిస్తే చెల్లదు."

"యేసయ్య సమాధిల నుంచి లేచిండని మొదలు చెప్పింది ఆడోళ్లే. అది చెల్లింది గద నాయనా."

"మాటలు బాగనే ఉన్నయి గని, జర కూసోండ్రి. చాయ్ తాగుండ్రి. అయ్యగారు రానీ."

మన్ననూర్‌కు మళ్లీ ఫోన్ చేస్తే కలవలేదు. నల్లమలలో సిగ్నల్ అంతంతే.

ఆమె చాయ్ ముట్టలేదు. "ఆలస్యమైతది నాయనా," అని మళ్లీ మళ్లీ బతిమాలింది. లోపల దగ్గు వినపడినప్పుడల్లా లేచి నిలబడింది. ఆ మొండిఘటం మాత్రం రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటాక దగ్గు ఆగింది. ఊపిరీ ఆగింది. రొట్టె ముక్క ఆ నోటికి అందనే లేదు.

ఈసారి పెద్దావిడ అడగలేదు. నేరుగా లోపలికి వెళ్లి, బాలనాగమ్మ రెప్పలు తన చేత్తో మూసి, ప్రార్థన చేసింది. ఇస్రాయేలును ఒక్క మాట అనలేదు. వచ్చిన ఆటోలోనే వెళ్లిపోయింది.

పొద్దుగూకేవేళ సుదర్శన్ పాస్టరు వచ్చాడు.

"అమ్మకు బల్ల అందిందా?"

"అందకుండనే పోయింది అయ్యగారూ. మీరు పంపినాయన రాలే. ఎవరో పాస్టరమ్మ వస్తే, నేనే లోపలికి..."

చెప్పడానికే సిగ్గేసింది.

సుదర్శన్ అరుగు మీద కూలబడ్డాడు.

"నేను పంపింది ఆమెనే, ఇస్రాయేలూ. సువార్తమ్మ గారు. దైవశాస్త్రం చదివి, మా పాస్టర్లందరికీ పాఠం చెప్పిన మనిషి."

ఇస్రాయేలు తల ఎత్తలేకపోయాడు.

"నువ్వు కడుపుల ఉన్నప్పుడు, మొగడు ఇడిసిపెట్టిన ఆడదని మీ అమ్మను బల్ల కాడికి రానియ్యకపోతే, నీ లెక్కనే అడ్డం నిలవడ్డ పెద్దలతోని కొట్లాడి, ఆమె నోట్ల మొట్టమొదటి రొట్టె ముక్క పెట్టింది ఆ అమ్మనే."