నాలుగు టైర్లు, రెండు జీపులు

ఆ ఉదయం సిమెంటు వ్యాపారి చేతిలో ఉన్నవి ముసలి జీపులు రెండు, కొత్త టైర్లు నాలుగు, ఒకరి ముఖం ఒకరు చూసుకోని డ్రైవర్లు ఇద్దరు. టైర్లు ఒక్క బండికే సరిపోతాయి. ఇంకో నాలుగు కొనొచ్చు గాని, రెండింటికీ టైర్లు వేసేంత నమ్మకం ఆ బండ్ల మీద ఆయనకు లేదు. ఒకటి ఉంటుంది. రెండోది పాత ఇనుము కొనేవాడి లారీ ఎక్కుతుంది. దాని డ్రైవరు ఇంటిదారి పడతాడు.

ఏది ఉంచాలన్నదే తేలలేదు. గోదాము తాళాలు చూసుకునే భార్యను అడిగాడు.

"ఆకుపచ్చది ఎక్కేటప్పుడు గట్టిది. బూడిదరంగుది దిగేటప్పుడు గట్టిది. మీకు ఎక్కడం కావాలా, దిగడం కావాలా?" అందావిడ.

ఇనుము కొనేవాడు పొద్దున్నే వచ్చి కూర్చున్నాడు. ఏది ఇచ్చినా తనకొకటేనంటూ రెండు జీపుల రేకులూ వేలి కణుపుతో కొట్టి చూస్తున్నాడు. చావుకు ముందే కొలతలు తీస్తున్నట్టున్న ఆ చప్పుడు వ్యాపారికి నచ్చలేదు. డ్రైవర్లిద్దరినీ పిలిచాడు.

ఆకుపచ్చ జీపు మీసాలాయనది, బూడిదరంగుది బక్కాయనది. ఇద్దరూ తోడల్లుళ్లు. ఏ పెళ్లిలో చెడిందో గాని, ఏళ్ల తరబడి మాటల్లేవు.

"చెరో పది బస్తాలు వేసుకోండి. వాగు దాటి, కొండెక్కి, పైన మేస్త్రీకి సరుకు దించి రండి. దారిలో ఎవరి బండి ఆగితే ఆ బండి అమ్మేస్తాను" అన్నాడు వ్యాపారి.

ఇద్దరూ తలలూపారు. మీసాలాయన వ్యాపారి భార్య వైపు తిరిగాడు.

"అమ్మా, వాగులో ఎడమపక్క ఇసుక లాగేస్తోందని ఆ మనిషికి చెప్పండి."

ఆ మనిషి మూరెడు దూరంలోనే ఉన్నాడు.

"నాకు తెలుసని చెప్పండమ్మా" అన్నాడు బక్కాయన.

ఆవిడ తాళాలగుత్తి సర్దుకుంది. మధ్యలో తను చెప్పే పని లేదని ఆవిడకు ఏనాడో తెలుసు.

బండ్లు కదిలాయి. మీసాలాయన ఇంజను చప్పుడు చెవిన పడగానే ఏ నట్టు వదులైందో చెప్పగలడు. బక్కాయన నీటి రంగు చూసి అడుగున రాయి ఉందో గుంట ఉందో చెప్పేస్తాడు. కొత్త లారీలు వెనక్కి తిరిగిన చోట ఈ డొక్కులు రెండూ పదహారేళ్లుగా సరుకు చేరవేస్తున్నాయి. ఒక్క బస్తా తడిసి వెనక్కి రాలేదు. గేటు దగ్గర నిలబడి దుమ్ము సర్దుకునేదాకా చూసిన వ్యాపారికి, అమ్మబోతున్నది ఒక్క బండినేనా అని మొదటిసారి అనుమానం వచ్చింది. అనుమానంతో వ్యాపారం నడవదని లోపలికి వెళ్లిపోయాడు.

భోజనాలు ముగిశాయి. ఇనుము కొనేవాడు ఒక కునుకు తీసి లేచాడు. మూడు దాటాక గేటు బయట చప్పుడైంది. ఒక్క ఇంజనే వినిపిస్తోంది.

ముందు ఆకుపచ్చ జీపు వచ్చింది. దాని వెనక చెయినుకు కట్టి ఉన్న బూడిదరంగు జీపు ఇంజను చప్పుడు లేకుండా వచ్చింది.

"తేలిపోయింది కదండీ" అంటూ ఇనుము కొనేవాడు చెప్పులు వేసుకున్నాడు. బక్కాయన బండి దిగి తల వంచుకుని, అవును, తన బండే పెద్ద మలుపు దగ్గర ఆగిపోయిందనీ, అక్కడి నుంచి లాక్కొచ్చారనీ చెప్పాడు.

మీసాలాయన అడ్డం వచ్చాడు.

"అయ్యగారూ, ముందు ఆగింది నాది. వాగు నడిమధ్యలో. తమ్ముడే చెయిను వేసి ఒడ్డుకు లాగాడు. అమ్మితే నాది అమ్మండి."

"అన్నయ్య ఊరికే అంటున్నాడండీ. నాది అమ్మండి."

తమ్ముడు, అన్నయ్య. వ్యాపారి భార్య చేతిలో తాళాలగుత్తి చప్పుడు ఆగిపోయింది.

ఇనుము కొనేవాడికి మాత్రం వరస కలిసినా కలవకపోయినా ఒకటే. రెండూ ఆగినవే కాబట్టి వ్యాపారి ఇచ్చిన మాట ప్రకారం రెండూ తనవేనన్నాడు. తూకం మీద ఇంకొంచెం కలిపి ఇస్తానని కూడా అన్నాడు. డ్రైవర్ల ముఖాలు పాలిపోయాయి. ఇద్దరూ సమానంగా ఓడితే అయ్యగారు ఎవరినీ తీయలేడనుకున్నారు. ఇద్దరినీ తీసేయొచ్చన్న లెక్క వాళ్లకు తట్టలేదు.

 చెయిను కొక్కెం విప్పడానికి వ్యాపారి తనే వంగాడు. వంగినవాడు కాసేపు లేవలేదు. లేచాక ఇనుము కొనేవాడిని లారీ ఖాళీగా తీసుకుపొమ్మన్నాడు. డ్రైవర్లను కాళ్లూ చేతులూ కడుక్కోమన్నాడు. ఫోను తీసి టైర్ల దుకాణానికి ఇంకో నాలుగు పంపమని చెప్పాడు.

"ఇద్దరూ తమ బండే ఆగిపోయిందంటుంటే కొత్త టైర్లేంటండీ?" అంది భార్య.

ఆయన చిన్న కాగితం చీటీ ఆవిడ అరచేతిలో పెట్టాడు. మొన్న చెయిను కొన్నప్పుడు దుకాణంవాళ్లు దారంతో కట్టిన ధర చీటీ. జీపును వాగులోంచి ఈడ్చిందన్న చెయినుకు అది ఇందాకటిదాకా తడవకుండా, మడత నలక్కుండా వేలాడింది. ఇంకు కూడా చెదరలేదు.

"చెయిను మన వీధి మొదట్లో కట్టుంటారు. బండ్లు రెండూ గట్టివే, మనుషులు అంతకన్నా గట్టివాళ్లు" అన్నాడు వ్యాపారి. "నాసిరకం సరుకు వాళ్ల అబద్ధం ఒక్కటే."