తలుపులేసిన షష్టిపూర్తి

ఇలా దగ్గరికి జరగండి. వీధిలోకి వినపడేలా చెప్పే సంగతి కాదిది. తొంభై ఆరో, తొంభై ఏడో, ఆ రోజుల్లో జరిగింది.

కామేశ్వరరావుగారు కోనసీమలో ఒక కోర్టుకి జడ్జి. జడ్జీలకి అరవై నిండితే ఇంటికే. కాగితాల్లో ఆయన వయసు యాభై ఎనిమిది. అసలు వయసు అరవై. బళ్ళో వేసేనాడు, ముందుముందు ఉద్యోగానికి పనికొస్తాయని వాళ్ళ నాన్న రెండేళ్ళు మింగేశాడు. ఆ కాలంలో చాలామంది నాన్నలు చేసిన పనే.

ఇన్నాళ్ళూ ఏ ఇబ్బందీ లేదు, భార్య ఆదిలక్ష్మి షష్టిపూర్తి అనేదాకా.

"అరవయ్యోయేట గండం ఉంటుందండి. శాంతి చేయించుకుని, నా మెళ్ళో మళ్ళీ తాళి కట్టాల్సిందే" అంది.

"షష్టిపూర్తని నలుగురికీ తెలిస్తే నా అసలు వయసు బయటపడదూ? ఉద్యోగం పోతుంది. పైగా, కాగితంలో ఉన్నదే వయసని మొన్ననే ఒక గుమాస్తా దావా కొట్టేశాను."

"ఆ కాగితానికి గండం లేదు లెండి. మీకుంది."

ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

మలికిపురంలో బావమరిది దొరబాబు ఇంట్లో అనుకున్నారు. దొరబాబుది కొబ్బరికాయల వ్యాపారం. జడ్జిగారు ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి వచ్చారు. వీధి తలుపులేసి పీటల మీద కూర్చున్నారు. మేళం లేదు, చుట్టాలు లేరు. ముమ్మిడివరం నుంచి వచ్చిన శాస్త్రిగారు మంత్రాలు కూడా గుసగుసగానే చదివారు. తాళి కట్టడం అయింది.

అరటాకుల కోసం సెంటరుకి వెళ్ళిన దొరబాబు అప్పుడే తిరిగొచ్చాడు. అతని వెనకాలే కేశవరావుగారు. కామేశ్వరరావుగారి పైజడ్జి.

"అంతర్వేది దర్శనానికి వచ్చేరంట బావగారూ. సెంటర్లో కారాపి బొండం తాగుతున్నారు. జడ్జిగారని తెలిసింది. మా బావగారూ జడ్జేనండి, ఇవాళ మా ఇంట్లోనే ఉన్నారు, భోంచెయ్యకుండా ఎలా వెళ్తారండి అని తీసుకొచ్చేశాను" అన్నాడు దొరబాబు వెలిగిపోతూ. భోజనాల వేళకి ఊరు దాటే మనిషిని ఊరికే వదలడం వాళ్ళ ఇంటా వంటా లేదు.

కేశవరావుగారు పీటలు చూశారు. కలశాలు చూశారు. ఆదిలక్ష్మి మెడలో పచ్చిపసుపు తాడు చూశారు.

"ఒంట్లో ఎలా ఉందయ్యా?"

"తగ్గిందండి" అన్నారు కామేశ్వరరావుగారు.

"ఏంటి, వ్రతమా?"

"సత్యనారాయణ వ్రతమండి" అంది ఆదిలక్ష్మి చప్పున.

"వ్రతంలో తాళి కూడా కడతారామ్మా?"

ఆదిలక్ష్మి కొంగు మెడ మీదికి లాక్కుంది. కేశవరావుగారు కామేశ్వరరావుగారి వైపు తిరిగారు.

"శుభలేఖలు వేశారా?"

"లేదండి."

"ఫొటోలు?"

"లేదండి."

"వంటవాళ్ళు బయటివాళ్ళా?"

"మా ఇంట్లోవాళ్ళేనండి, ఆయ్" అన్నాడు దొరబాబు.

ఇన్నేళ్ళూ బోనులో ఉన్నవాణ్ణి అడగడమే తెలిసిన కామేశ్వరరావుగారు ఆ పూట తనే బోనెక్కారు.

భోజనాలకి కూర్చున్నారు. పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం. కేశవరావుగారు మారు వడ్డించుకున్నారు. కామేశ్వరరావుగారు మెతుకులు కెలుకుతూ మనసులో రాజీనామా రాసుకుంటున్నారు.

చెయ్యి కడుక్కుని కేశవరావుగారు తిన్నగా శాస్త్రిగారి దగ్గరికి నడిచారు.

"ఇవాళ ఇక్కడ మీరు చేయించింది బయట ఎక్కడన్నా చెప్తారా?"

శాస్త్రిగారు సంచీ సర్దుకుంటూ చెప్పారు, "నాకెందుకండీ. ఎవరింటి సంగతి వాళ్ళింట్లోనే వదిలేసి పోతానండి."

ఈ చివరి ముక్క మాత్రం పొల్లు పోకుండా గుర్తుపెట్టుకోండి, రేపు నలుగురికీ చెప్పాల్సింది మీరే.

కేశవరావుగారు అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించి, "అయితే వచ్చే నెల్లో నాకూ మా ఆవిడకీ ఇలాగే ఒక ముహూర్తం చూడండి" అన్నారు.