కోడలి తప్పుల గడి

ఇప్పుడు ఇంటింటా నివేదిక యంత్రం ఉంది. మనం నమూనా రాసిపెడితే చాలు. వంటింటి గోడమీది కన్నుతో రోజంతా చూసి, సాయంత్రానికి గడులన్నీ తానే నింపి, నివేదిక కూర్చి అపార్టుమెంటు ఆఫీసుకు పంపుతుంది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా కూర్చదు. నివేదిక అందకపోతే మర్నాడు ఆ ఇంటికి కుళాయి రాదు.

మా ఇంటి నమూనాను ఈమధ్య అత్తగారు తిరగరాశారు. నీళ్లు, కరెంటు, చెత్త, వాటి కింద కొత్తగా 'కోడలి తప్పులు'.

నేను అది చూశాను. ఆ రోజు ఒక్క తప్పూ చేయలేదు, అంతే.

దీపాలు పెట్టే వేళకు యంత్రం గొంతు సవరించుకుంది. "కోడలి తప్పులు ఖాళీ. నివేదిక కూర్చలేను."

అత్తగారు కంగారుపడ్డారు. "ఒసే సుభాషిణీ, రేపు నా వ్రతమే! తలంటుకోవాలి. ఒక్క తప్పు చెయ్యవే, నీకు పుణ్యముంటుంది."

"ఎంత ప్రయత్నించినా రావడం లేదత్తయ్యా."

"మొన్నటిదాకా బాగానే వచ్చేవిగా!"

"అంతా మీ శిక్షణేనండీ."

ఇక లాభం లేదని ఆవిడే గుప్పెడు ఉప్పు పులుసులో పోసి, "అయ్యయ్యో, మా కోడలు ఎంత ఉప్పేసిందో!" అని గోడకు వినిపించారు.

"వేసింది అత్తగారు. నమూనాలో అత్తగారి తప్పులకు గడి లేదు. చేర్చమంటారా?" అంది యంత్రం.

అత్తగారు కుళాయి వంక చూశారు, నా వంక చూశారు. చివరికి నా గడి కొట్టేశారు. నివేదిక చిటికెలో వెళ్లిపోయింది.

ఆ పులుసు ఇంటిల్లిపాదీ కళ్లనీళ్లు పెట్టుకుంటూ తిన్నాం. నివేదిక ప్రకారం అది ఎవరి తప్పూ కాదు.