దిష్టిబొమ్మ కడుపులో కంకి

జొన్నచేలో పుట్టిన దిష్టిబొమ్మ ఒకటి ఉండేది. ఒళ్లంతా జొన్నచొప్ప, పైన చిరుగుల చొక్కా, తలకు చిల్లుకుండ. జొన్నల మధ్య కంది, అలసంద, గట్టున ఆముదాలు వేసిన రోజుల్లో దానికి తీరికే ఉండేది కాదు. పిట్టలు గుంపుగా వాలేవి. గాలికి బొమ్మ చేతులూపేది. అవి అరుచుకుంటూ లేచిపోయేవి.

తర్వాత ఏటికేడు పత్తే వేశారు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పత్తే. దిష్టికి ఉండనీలే అని బొమ్మను పీకలేదు. గింజ లేని చేలో పిట్ట ఎందుకు వాలుతుంది?

ఒక మధ్యాహ్నం దారి తప్పిన పిచ్చుక వచ్చి నేరుగా బొమ్మ భుజం మీదే కూర్చుంది.

"తాతా, తినడానికేమైనా ఉందా?"

"దూది ఉంది, తింటావా?" అని విసుక్కుంది బొమ్మ. అంతలోనే మెత్తబడింది. "నా కడుపులో వెతుకు తల్లీ. పాత చొప్ప. కంకి ఏదైనా మిగిలిందేమో."

పిచ్చుక చొక్కా చిరుగులో కెలికితే ఎండిన కంకి ఒకటి దొరికింది. ఆత్రంగా తిని, చివరి గింజను రేపటికని ముక్కున కరుచుకుంది.

"పోయేముందు ఒక్కసారి నన్ను చూసి బెదిరిపోతావా? చాలా ఏళ్లయింది," అంది బొమ్మ.

గింజ ముక్కున ఉంటే అరవడం కుదరదు. పిచ్చుక కాసేపు ఆలోచించింది. తర్వాత నోరంతా తెరిచి, గట్టిగా అరుస్తూ ఎగిరిపోయింది. గింజ పత్తిసాళ్ల మధ్య పడింది.

అప్పటి నుంచీ బొమ్మ పత్తి వైపు చూడటం మానేసింది. గింజ పడిన చోటునే చూస్తూ, వాన కోసం నిలబడి ఉంది.